ఖాతా మారిందని మెయిల్ వస్తే...

ప్రశ్న: మాకు సరుకు పంపే కంపెనీ నుంచి 'బ్యాంకు ఖాతా మారింది, ఇకపై కొత్త ఖాతాకే డబ్బు పంపండి' అని ఈమెయిల్ వచ్చింది. నమ్మవచ్చా?

జవాబు: ఈమెయిల్‌ ఒక్కదాన్నే నమ్మి ఖాతా మార్చడం ప్రమాదకరం. ఈ తరహా మోసాల్లో నేరగాళ్లు ఇరుపక్షాల్లో ఒకరి మెయిల్‌లోకి చొరబడి, బిల్లులు, చెల్లింపు తేదీలు గమనిస్తారు. డబ్బు చెల్లించే సమయానికి అదే మెయిల్ నుంచో, ఒక్క అక్షరం తేడా ఉన్న చిరునామా నుంచో బిల్లు పంపుతారు. లోగో, సంతకం, బిల్లు నంబరు అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఖాతా నంబరు ఒక్కటే మారుతుంది.

కృత్రిమ మేధ ఈ ముప్పును మరింత పెంచింది. 2024లో వెలుగుచూసిన ఘటనలో, బ్రిటన్ ఇంజినీరింగ్ సంస్థ ఆరప్‌కు చెందిన హాంకాంగ్ ఉద్యోగి డీప్‌ఫేక్ (కృత్రిమ మేధతో చేసిన నకిలీ) వీడియో కాల్‌లో కనిపించినవారు తన పైఅధికారులేనని నమ్మి, సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశారు. కాబట్టి ముఖం, గొంతు కూడా ఇప్పుడు రుజువులు కావు.

ఖాతా మార్పును పాత రికార్డుల్లోని నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేయకూడదు. పెద్ద చెల్లింపులకు ఇద్దరి ఆమోదం తప్పనిసరి చేయాలి. మెయిల్ ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ పెట్టాలి. తెలియకుండా మెయిళ్లు వేరే చిరునామాకు ఫార్వర్డ్ అవుతున్నాయేమో సెట్టింగుల్లో చూడాలి.

డబ్బు పోయిందని గుర్తించగానే బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు తెలపాలి. ఆలస్యం లేకపోతే సొమ్మును స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. సిస్టమ్‌లోకి చొరబాటు జరిగితే 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు నివేదించాలని ఆ సంస్థ 2022 నాటి ఆదేశాలు చెబుతున్నాయి.