అచ్చుకు వెళ్ళేముందు

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా



నాన్నా, నువ్వు పంపిన కవితలూ చదివాను, వాటితోపాటు పెట్టిన ప్రచురణకర్తల పట్టికా చూశాను. కవితల సంగతి తర్వాత. పట్టిక మాత్రం పక్కన పడెయ్. న్యూయార్క్ పెద్ద సంస్థల పేర్లు వరసగా రాసి, నాలాంటి ట్రాన్స్ మనిషి రాసింది, అందులోనూ సగం తెలుగులో ఉన్నది, వీళ్ళలో ఎవరు వేస్తారని అడిగావు. ఏజెంటు లేకపోతే వాళ్ళు మామూలుగా కవరే విప్పరు. కవిత్వమంటే ఏజెంట్లూ మొహం చాటేస్తారు. దానికంటే, నీలాంటివాళ్ళ పుస్తకాలు ఈ దేశంలో ఇప్పటిదాకా ఎవరు వేశారో కనుక్కుని ఉంటే నీ పట్టిక వేరేగా ఉండేది.

1980లో ఆడ్రీ లార్డ్ బార్బరా స్మిత్‌తో ఫోన్లో మాట్లాడుతూ, ప్రచురణ విషయంలో మనమే ఏదో ఒకటి చెయ్యాలంది. ఇద్దరూ నల్లజాతి లెస్బియన్ రచయిత్రులు. ఇద్దరి దగ్గరా పెట్టుబడి లేదు. ఆ మాటలోంచే ‘కిచెన్ టేబుల్: విమెన్ ఆఫ్ కలర్ ప్రెస్’ పుట్టింది. వాళ్ళు తమవాళ్ళ పుస్తకాలు మాత్రమే వేసుకోలేదు. హిసాయే యమమోటో అనే జపనీస్ అమెరికన్ రచయిత్రి 1940ల చివర్నుంచి రాసినవి పత్రికల్లో చెల్లాచెదురుగా పడి ఉంటే, 1988లో ‘సెవెన్టీన్ సిలబుల్స్’ పేరుతో కథల పుస్తకంగా తెచ్చిందీ వీళ్ళే.

నువ్వు శ్రద్ధగా చదవాల్సింది ఇంకో పుస్తకం చరిత్ర. చెరీ మొరాగా, గ్లోరియా అంజల్దువా కలిసి కూర్చిన ‘దిస్ బ్రిడ్జ్ కాల్డ్ మై బ్యాక్’ 1981లో మసాచుసెట్స్‌లోని పెర్సిఫనీ ప్రెస్ నుంచి వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే ఆ ప్రెస్ మూతపడింది. సంపాదకులిద్దరూ హక్కులు వెనక్కి తెచ్చుకున్నారు కాబట్టి 1983లో కిచెన్ టేబుల్ దాన్ని మళ్ళీ వేసింది. కాలక్రమంలో కిచెన్ టేబుల్ కూడా ఆగిపోయింది. 2002లో థర్డ్ విమన్ ప్రెస్ వేసింది, ఆ తర్వాత 2015లో న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ప్రెస్సులు ఒకదాని వెంట ఒకటి పోయినా పుస్తకం బతికే ఉంది.

అందుకే చెబుతున్నాను, చిన్న ప్రెస్సు నీ పుస్తకం తీసుకుంటానంటే సంబరంలో సంతకం పెట్టేయకు. సంస్థ మూతపడినా, పుస్తకం దొరక్కుండా పోయినా హక్కులు నాకే తిరిగొస్తాయన్న వాక్యం ఒప్పందంలో ఉందా చూడు. ‘దొరక్కుండా పోవడం’ అంటే ఏమిటో కూడా అంకెల్లో రాయించు. ఇప్పుడు ప్రింట్ ఆన్ డిమాండ్ వచ్చాక ఏ పుస్తకమూ దొరకనిది కాదు. ఏడాదికి ఒక్క కాపీ అమ్ముడైనా “ఇంకా మార్కెట్లోనే ఉంది” అని వాదించవచ్చు. ఏడాదికి ఇన్ని కాపీల కంటే తగ్గితే హక్కులు నావి అని ఉండాలి. అనువాద హక్కులు నీ దగ్గరే ఉంచుకో. నీ పుస్తకంలో సగం తెలుగు కాబట్టి ఇది నీకు ఇంకా ముఖ్యం.

పాతవాటిని మళ్ళీ బతికించడమూ ప్రచురణే. 1986లో జోసెఫ్ బీమ్ కూర్చిన ‘ఇన్ ద లైఫ్’, ఆయన మరణం తర్వాత ఎసెక్స్ హెంఫిల్ పూర్తిచేసిన ‘బ్రదర్ టు బ్రదర్’, నల్లజాతి గే రచయితలకు మూలస్తంభాల్లాంటి సంకలనాలు. రెండూ దొరక్కుండా పోతే, లీసా సి. మూర్ 1997లో పెట్టిన రెడ్‌బోన్ ప్రెస్ వాటిని తిరిగి అచ్చువేసింది.

మన దేశీ క్వీర్‌వాళ్ళ సంగతి అంటావా? ఈ బే ఏరియాలోనే 1986లో అరవింద్ కుమార్, సువీర్ దాస్ ‘త్రికోణ్’ మొదలుపెట్టారు. చిన్న వార్తాలేఖ అది, తర్వాత పత్రికగా ఎదిగింది. 1993లో రాకేష్ రత్తి సంపాదకత్వంలో ‘ఎ లోటస్ ఆఫ్ అనదర్ కలర్’ సంకలనం బాస్టన్ నుంచి వచ్చింది. మన తెలుగు సంఘాల సావనీర్లు మాత్రం బీరువా నిండా ఉన్నాయి నా దగ్గర. అమరావతి శిల్పాల మీద, ఆవకాయ మీద, అవధానాల మీద వ్యాసాలున్నాయి. నీలాంటి వాళ్ళు రాసిన పేజీ ఒక్కటీ కనబడలేదు. అక్కడ సాహిత్యమే దండగని నేననను, నీ మొదటి పాఠకులు అక్కడ లేరని మాత్రం అంటాను.

సొంతంగా అచ్చువేసుకుంటే చిన్నతనమని రాశావే, ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావు? తెలుగు కవిత్వంలో ఎక్కువ భాగం కవులు సొంత డబ్బుతో వేసుకున్నదే. మీ తాతయ్య పుస్తకాలు తిరగెయ్, ‘ప్రతులకు’ అన్నచోట కవిగారి ఇంటి నంబరు ఉంటుంది. నువ్వు మాత్రం ఇంటి అడ్రసు వెయ్యకు. పోస్టాఫీసులో ఒక పెట్టె అద్దెకు తీసుకుని ఆ నంబరు వెయ్. కెనడాలో వివేక్ శ్రయ అనే రచయిత్రి తన ‘గాడ్ లవ్స్ హెయిర్’ పుస్తకాన్ని 2010లో సొంతంగానే వేసుకుంది, 2014లో ఆర్సెనల్ పల్ప్ ప్రెస్ దాన్ని మళ్ళీ తెచ్చింది. అదే ప్రెస్సులో ‘విఎస్ బుక్స్’ అని ఒక శాఖ పెట్టి, తెల్లవాళ్ళు కాని కుర్ర రచయితలకు తనే దారి చూపించింది. అయితే వేలకు వేలు ‘ప్యాకేజీ’ అడిగేవాణ్ణి, ముద్రణ ఖర్చు తీసుకునే ప్రెస్సువాణ్ణి ఒకే గాటన కట్టకు. మొదటివాడు నీ ఆశతో వ్యాపారం చేస్తాడు.

కలం పేరు పెట్టుకుంటానన్నావు, మంచిదే. కాపీరైట్ నువ్వు రాసిన క్షణం నుంచే నీది. రిజిస్టరు చెయ్యడం దావా వెయ్యాల్సి వస్తే అక్కరకొస్తుంది. ఒక్కరే రాసిన ఒక్క రచనకు ఆన్‌లైన్‌లో 45 డాలర్లు. కానీ ఆ దరఖాస్తులో రాసిన పేరు, అడ్రసు బహిరంగ రికార్డు అవుతాయి, ఎవరైనా వెతికి చూడొచ్చు. కలం పేరుతోనే రిజిస్టరు చేసే వీలుంది. అసలు పేరు రాసేముందు అమ్మానాన్నలకు నీ సంగతి ఎలా తెలియాలని నువ్వు అనుకుంటున్నావో ఆలోచించుకో. ఐఎస్‌బీఎన్ ఒకటి కొంటే 125 డాలర్లు, పది కొంటే 295. అమెజాన్ ఉచితంగా ఇచ్చేది తీసుకుంటే ప్రచురణకర్తగా నీ ప్రెస్సు పేరు పడదు. సంతల్లో చేతికిచ్చే చిన్న పుస్తకానికి అసలు నంబరే అక్కర్లేదు.

నీకు ముందు కావాల్సింది కూడా ఆ చిన్న పుస్తకమే. ఇక్కడివాళ్ళు చాప్‌బుక్ అంటారు. లెటర్ సైజు కాగితాలు అయిదు తీసుకుని మధ్యకు మడిస్తే ఇరవై పేజీలు. వాటి మీద పెన్సిల్‌తో 1 నుంచి 20 దాకా అంకెలు వేసి, తర్వాత విప్పి చూడు. పైకాగితం ఒకవైపు 20, 1 పక్కపక్కన ఉంటాయి, దాని వెనక 2, 19. ఇదే డమ్మీ. ఏ కవిత ఎక్కడ పడుతుందో, ఏది రెండు పేజీలకు పాకుతుందో కాగితం చేతిలో ఉంటేనే తెలుస్తుంది. నడుమ పొడవాటి చెయ్యి ఉన్న స్టేప్లర్‌తో రెండు పిన్నులు కొట్టు. ఇన్‌డిజైన్‌లో పేజీ కట్టేటట్టయితే పేరా కంపోజర్‌ను వరల్డ్-రెడీకి మార్చు, లేకపోతే ఒత్తులు అక్షరాల కిందినుంచి ఊడి పక్కకొచ్చి నిలబడతాయి. మండలి ఫాంటు ఉచితం, చూడ్డానికీ బాగుంటుంది. పీడీఎఫ్‌లో ఫాంటు ఇమిడి ఉందో లేదో చూసి మరీ పంపు. అచ్చాఫీసు పనిలో గడిపినదాన్ని, ఇది మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను: తెలుగు రాని ప్రింటరు ఊడిన ఒత్తును తప్పని పట్టుకోలేడు.

పుస్తకాల షాపులో కన్‌సైన్‌మెంటు మీద పెడితే సాధారణంగా అరవై పాళ్ళు నీకు, నలభై షాపుకి. దానితో ఇల్లు గడవదు. కానీ కౌంటర్ దగ్గర ఉన్నవాళ్ళు నీకు తెలుస్తారు, తర్వాతి కవితాపఠన సభకు పిలుస్తారు. లాంబ్డా లిటరరీ సంస్థ 2007 నుంచి కొత్త క్వీర్ రచయితలకు శిబిరం నడుపుతోంది. ఏషియన్ అమెరికన్ రచయితలకు 2004 నుంచి కుందిమన్ అనే సంస్థ ఉంది, న్యూయార్క్‌లో 1991 నుంచి ఏషియన్ అమెరికన్ రైటర్స్ వర్క్‌షాప్ ఉంది. దరఖాస్తు పెట్టు. అక్కడ ఎంపికైనా కాకపోయినా, మీ ఊళ్ళో నలుగురిని పోగేసుకుని నీవి వినిపించేముందు వాళ్ళవి చదివిపెట్టు, ప్రూఫులు చూడు. మనమే ఏదో ఒకటి చెయ్యాలన్న ఆడ్రీ లార్డ్ మాటకు అర్థం అదే కదా.

తెలుగు సగం గురించి బెంగ వద్దు. తమిళనాడులో పుట్టిన ఎ. రేవతి రాసుకున్న జీవితకథను పి. సత్యవతి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆ ‘ఒక హిజ్రా ఆత్మకథ’కే 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. ఆ ట్రస్టూ 1980లోనే మొదలైంది, కిచెన్ టేబుల్ పుట్టిన ఏడాదే.

ఒక్కటి మర్చిపోకు. నువ్వు ఇంకా స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. పుస్తకం రాయడం వేరు, అమ్మి డబ్బు తీసుకోవడం వేరు. రెండోది అనుమతి లేని పనిగా లెక్కపడే ప్రమాదం ఉంది. ధర వేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడుగు, అప్పటిదాకా ఉచితంగా పంచు.

ఇక కవితలు. అమ్మ మీద రాసిన రెండూ ఉంచు. మెట్రో రైలు మీదది తీసెయ్, అది ఎవరైనా రాస్తారు. డమ్మీ కట్టి పోస్టులో పంపు, ఒత్తులు నేను చూస్తాను.

మీ పెద్దమ్మ