నిద్ర పెరగాలంటే పడక తగ్గాలి!

"నాన్నా, మందుల కొట్టుకెళ్ళి రెండు నిద్రమాత్రలు పట్టుకురా" అని తాతయ్య మీ చేతిలో డబ్బులు పెట్టారనుకోండి. ఒక్క క్షణం ఆగండి. నిద్రమాత్ర వేసుకున్న ముసలివారు రాత్రి లేచినప్పుడు తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదం ఎక్కువ. ఆస్పత్రి దూరంగా ఉన్న పల్లెలో అది చిన్న విషయమా?

మరి మాత్ర లేకుండా నిద్ర ఎలా వస్తుంది? ముందు ఒక లెక్క చూద్దాం. తాతయ్య 8 గంటలకే మంచమెక్కుతారు. 10 దాకా దొర్లుతారు. 2 గంటలకు మెలకువ. మళ్ళీ 3 నుంచి 5 దాకా నిద్ర. అంటే 9 గంటలు మంచం మీద ఉంటే నిద్రపోయింది 6 గంటలే!

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుని నిద్ర అవసరాన్ని పెంచుతుంది. ఇదీ ఆకలి వంటిదే. మధ్యాహ్నం కునుకు తీస్తే ఆ ఆకలి కొంత తీరిపోతుంది. పైగా, గంట వినగానే పావ్లోవ్ కుక్కకు నోరూరినట్లు, మంచమెక్కగానే మెలకువ వచ్చే అలవాటు పడుతుంది.

ఈ అలవాటును విడగొట్టడానికి రిచర్డ్ బూట్జిన్ 1972లో ఒక పద్ధతి చెప్పాడు. నిద్ర ముంచుకొస్తేనే పడుకోవాలి. కాసేపటికీ పట్టకపోతే లేచి వేరే చోట కూర్చోవాలి. 1987లో ఆర్థర్ స్పీల్మన్ బృందం మంచం మీద ఉండే కాలాన్నే తగ్గించి చూసింది.

తాతయ్యకు మీరే గుమాస్తా కండి. రెండు వారాలు నిద్ర వేళలు రాయండి. సగటు 6 గంటలైతే పడక 11 నుంచి 5 వరకే. ఆ కాలంలో 85 శాతం నిద్ర పట్టాక 15 నిమిషాల చొప్పున పెంచాలి. 5 గంటలకన్న ఎన్నడూ తగ్గించరాదు. లేచే వేళ మారరాదు.

అయితే ముందుగా డాక్టరుకు చెప్పి తీరాలి. మూర్ఛ, గురకలో ఊపిరి ఆగడం, తూలిపడడం ఉన్నవారికి ఈ పద్ధతి హాని చేయవచ్చు. ఇప్పటికే మాత్రలు వాడేవారు హఠాత్తుగా మానరాదు.

నిపుణులు లేని ఊళ్ళ మాటేమిటి? అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కీళ్ళ అరుగుదల, నిద్రలేమి ఉన్న 60 ఏళ్ళు దాటిన 327 మందిలో సగం మందికి 8 వారాల్లో 6 సార్లు ఫోనులోనే ఈ పద్ధతులు నేర్పారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం ఏడాది తరువాత కూడా మేలు నిలిచింది.

ఇంతకూ తాతయ్య ఇచ్చిన డబ్బులో? వారినడిగి ఒక నోటుపుస్తకం కొనండి!