యంత్రానికి తెలివి ఉందా?

ఒక కాగితం మీద తొమ్మిది గళ్ళు గీయండి. సున్నాలూ ఇంటూలూ పెట్టే ఆట మీకు తెలిసిందే. ఇప్పుడు మరో కాగితం మీద ఈ నియమాలు రాయండి.

1. ఒకే వరుసలో నీవి రెండు ఉండి, మూడో గడి ఖాళీగా ఉంటే అక్కడ పెట్టు.
2. అలా లేకపోతే, ఎదుటివాళ్ళవి రెండు ఒకే వరుసలో ఉన్నాయేమో చూడు. ఉంటే, ఆ మూడో గడిలో నువ్వు పెట్టి అడ్డుకో.
3. రెండూ కాకపోతే నడిమి గడిలో పెట్టు. అది నిండితే ఏదో ఒక మూలలో, మూలలూ నిండితే మిగిలిన గడిలో పెట్టు.

ఈ కాగితాన్ని మీ చెల్లెలికి ఇచ్చి, సొంతంగా ఆలోచించకుండా ఇందులో ఉన్నట్టే ఆడమనండి. ఆమె అంత తేలిగ్గా ఓడిపోదు. మరి ఇక్కడ తెలివి ఎవరిది? ఆడిన చెల్లెలిదా? కాగితానిదా? నియమాలు రాసినవారిదా?

కృత్రిమ మేధ గురించి శాస్త్రజ్ఞులు డెబ్బై ఏళ్ళుగా వాదించుకుంటున్నది ఇంచుమించు ఈ ప్రశ్న మీదనే.

పేరు పుట్టిన కథ

1955లో అమెరికాలో జాన్ మెకార్తీ అనే గణిత శాస్త్రజ్ఞుడు, మరో ముగ్గురితో కలిసి ఒక ప్రతిపాదన రాశాడు. కృత్రిమ మేధ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు అందులోనే కనిపిస్తుంది. ఆ ప్రకారమే 1956 వేసవిలో డార్ట్‌మత్ కళాశాలలో సమావేశం జరిగింది. మనిషి చేస్తే తెలివైన పని అనిపించుకునేదాన్ని యంత్రం చేత చేయించడమే వారు పెట్టుకున్న లక్ష్యం.

ఈ నిర్వచనంలో ఒక చిక్కు ఉంది, గమనించారా? ఏది తెలివైన పనో చెప్పవలసింది మనమే. మన అభిప్రాయం మారితే నిర్వచనమూ మారిపోతుంది!

జరిగిపోయిన గీత

ఆ రోజుల్లో చదరంగం తెలివికి గీటురాయి. 1997 మే నెలలో ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ కంప్యూటరు, ప్రపంచ విజేత గారీ కాస్పరోవ్‌ను ఆరు ఆటల పోటీలో 3½–2½ తేడాతో ఓడించింది. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించగలదు. అప్పుడు చాలామంది ఏమన్నారు? “ఇది తెలివి కాదు, వట్టి లెక్కల వేగం” అన్నారు.

మాటలను గుర్తించడమూ ఇలాంటిదే. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి, స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీ శిష్యుడు. మనిషి మాటను కంప్యూటరు చేత గుర్తింపజేయడానికి 1960లలోనే పూనుకున్నాడు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. అప్పట్లో కొద్దిపాటి మాటలను గుర్తింపజేయడమే గగనం. నేడు మనం మాట్లాడుతుంటే ఫోను రాసి పెడుతుంది. అందులో వింతేమీ లేదనుకుంటాం.

ఇలా గీత జరపడం అన్యాయమా? పూర్తిగా కాదు. లోపలి పనితీరు తెలిశాక, మనం అనుకున్న తెలివి లేకుండానే చదరంగం గెలవవచ్చని తేలింది. మరోవైపు, మూడేళ్ళ పాప సునాయాసంగా చేసే పనులు, పిల్లిని గుర్తుపట్టడం, గ్లాసు ఒలకకుండా పట్టుకోవడం, యంత్రాలకు ఎంతో కష్టమయ్యాయి. పిల్లిని ఎలా గుర్తుపడతామో మనకే తెలియదు. తెలియనిదానికి నియమాలు ఎలా రాస్తాం?

అందుకే శాస్త్రజ్ఞులు మరో దారి పట్టారు. నియమాలకు బదులు వేలకొద్దీ బొమ్మలు చూపించారు. తప్పు చెప్పినప్పుడల్లా యంత్రంలోని అంకెలు కొద్దికొద్దిగా సర్దుకునేలా చేశారు. నేడు మనతో సంభాషించే కృత్రిమ మేధ కూడా ఇలాగే, అపారమైన రాతల నుంచి తరువాతి మాట ఏదో ఊహించడం నేర్చుకున్నదే. అందుకే అది తప్పును కూడా ఎంతో ధీమాగా చెప్పగలదు. దానిది అవగాహనేనా అన్న విషయంలో శాస్త్రజ్ఞులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు.

మీరు అడగవలసినవి

“ఇందులో కృత్రిమ మేధ ఉంది” అని ఎవరైనా అంటే, ఆ పేరు చూసి మురిసిపోకండి, భయపడకండి. మూడు ప్రశ్నలు వేయండి. అది ఏ పని చేస్తుంది? నియమాలతో చేస్తుందా, ఉదాహరణల నుంచి నేర్చుకుందా? తప్పు చేస్తే ఎవరు కనిపెడతారు, ఎవరు బాధ్యులు? రోగి ఎక్స్‌రేను చూసేదీ, ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులను వడపోసేదీ యంత్రమైనప్పుడు, నిర్వచనం కంటే ఈ మూడో ప్రశ్నే ముఖ్యం.

ఇక మన కాగితం సంగతి. మీరు ముందుగా ఒక మూలలో, రెండోసారి దానికి ఎదురు మూలలో పెట్టి ఆడండి. జాగ్రత్తగా ఆడితే కాగితాన్ని ఓడించవచ్చు. వందసార్లు ఆడినా అది అలాగే ఓడుతుంది. మీ చెల్లెలు మాత్రం రెండు మూడు ఓటములకే కాగితాన్ని పక్కన పెట్టేస్తుంది! ఆ ఓటమిని తప్పించే నాలుగో నియమం ఏమిటో మీరిద్దరూ కలిసి కనిపెట్టండి.