గొళ్లెం లాగి చూశావా, అమ్మడూ?

అమ్మడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోనులో ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఫోనులో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నా. రెండుసార్లు చదువు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ పెదనాన్నకి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. వరి కంకులు బరువెక్కి వాలుతున్నాయి. కార్తీకం కదా, పొద్దు ఐదున్నరకే గుంకుతోంది. ఈ మాట ఊరికే రాయలేదు. నువ్వు బడి నుంచి ఇంటికి చేరేసరికి ఆరు దాటుతుందన్నావు. వేసవిలో ఆ వేళకి ఇంకా వెలుగుండేది, ఏమీ కాలేదు. ఇప్పుడు నీకంటే ముందు చీకటి వస్తోంది. నీ నాలుగు కోళ్లు పోయింది ఆ అరగంటలోనే తల్లీ. కోడికి చీకట్లో కళ్లు కనపడవు. గూట్లో కూర్చున్న కోడిని పట్టుకుపోవడం చెట్టు మీద పండు కోసుకున్నంత తేలిక.

నీది తప్పని అనడం లేదు. కాదు, అంటున్నాను. తప్పే. కానీ నేను చేసినదాని ముందు నీది ఏపాటిది? వింటావా?

నాకు పెళ్లయిన మూడో ఏడు. మా అత్తగారు పదకొండు కోళ్లను నాకప్పగించి కూతురింటికి వెళ్లారు. ఒక సాయంత్రం పక్కూళ్లో పేరంటానికి పోయాను. వెళ్లేముందు గూటి తలుపు దగ్గరికి వేశానే కానీ గొళ్లెం పెట్టలేదు. తిరిగొచ్చేసరికి గూడంతా నెత్తురు. ఏడు కోళ్లు చచ్చి పడున్నాయి. నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువొచ్చింది. ఎవరికీ చెప్పకుండా, చచ్చిన కోడిలో పొలానికి తెచ్చిన పురుగుల మందు గుళికలు కూరి దొడ్డి చివర పడేశాను. తెల్లారేసరికి మా కుక్క మోతీ ఆ కోడి పక్కనే నోట నురగతో పడుంది. నాలుగు కాకులు కూడా. మీ పెదనాన్న ఒక్క మాట అనలేదు. పార తీసుకుని వేపచెట్టు కింద గొయ్యి తవ్వారు. ఆ పార చప్పుడు నాకిప్పటికీ వినపడుతుంది. కోళ్లను చంపింది ఏ జంతువో ఈ రోజుకీ తెలీదు. మోతీని చంపింది మాత్రం నేనే.

ముంగిస నోటికంటిన నెత్తురు చూసి, బిడ్డను చంపిందనుకుని దాన్ని కొట్టి చంపిన తల్లి కథ పంచతంత్రంలో ఉంది కదా. నువ్వు బళ్లో పిల్లలకి చెబుతావుగా. చెప్పేటప్పుడు ఈసారి నన్ను తలుచుకో.

అందుకే ఇంటివాళ్ల అబ్బాయి ఉచ్చు పన్నుతానన్నాడని, కంచెకి కరెంటు పెడతానన్నాడని నువ్వు చెప్పగానే నాకు గుండె ఆగినంత పనైంది. వద్దు. గట్టిగా వద్దని చెప్పు. అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగలకి తగిలి మనుషులే పోయిన ఊళ్లున్నాయి. పైగా నక్క, ముంగిస, అడవిపిల్లి, ఉడుము అన్నిటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. మీ ఊరు దాటితే నల్లమల. దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం మీ గుమ్మం పక్కన ఉంది. దాని పక్కన ఇల్లు పెట్టుకుని జంతువులు రాకూడదంటే ఎలా? వస్తాయి. వాటికి దొరక్కుండా చూసుకోవడమే మన పని.

ముందు వచ్చిందెవరో తెలుసుకో. రేపు సాయంత్రం గూటి చుట్టూ మూరెడు వెడల్పున ముగ్గుపిండి చల్లు. పొద్దున్నే ఊడ్చే ముందు చూడు. గుండ్రటి అడుగు, గోళ్ల గుర్తు లేకపోతే పిల్లి జాతి. మనవైపు బావురుపిల్లి అంటామే, అదే కావచ్చు. వేళ్ల ముందు గోళ్లు గుచ్చుకున్న గుర్తులుంటే కుక్కో నక్కో. పిల్లి అడుగే నీ గుప్పిలంత పెద్దదైతే మాత్రం నువ్వేమీ చెయ్యకు, అటవీశాఖ వాళ్లకి చెప్పు, చీకటి పడ్డాక దొడ్లోకి వెళ్లకు.

అడుగు దొరక్కపోయినా పోయిన తీరు చెబుతుంది. కోడి మొత్తంగా మాయమై ఈకలు కంచె దాకా వరసగా పడుంటే నక్కో బావురుపిల్లో. అన్నిటినీ చంపి, తినకుండా చెల్లాచెదురుగా వదిలేస్తే చాలావరకు ఊరకుక్కల పని. పట్టపగలు పోతే ముంగిసో, గద్దో, డేగో. గుడ్డు పెంకు కూడా మిగల్చకుండా పోతే పాము. కోడిపిల్ల చచ్చి, తల నుంచి సగం దాకా తడిగా ఉంటే అదీ పామే, మింగబోయి మింగలేక వదిలేసి ఉంటుంది. నీ దొడ్లో రెండు కోళ్లు మెడ కొరికి పడున్నాయి, రెండు కనపడలేదు, ఈకలు కంచె దాకా ఉన్నాయి అన్నావు. నా మనసుకి బావురుపిల్లే తోస్తోంది. అదైతే మళ్లీ వస్తుంది. ఒకసారి తిండి దొరికిన చోటిని ఏ జంతువూ మరవదు. కాబట్టి ఈ వారమే గూడు సరిచెయ్యి. జీతం రానీ, సంక్రాంతి సెలవులు రానీ అనకు.

నీ గూడు ఫోటో చూశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ ఆ జాలీ కోళ్లను లోపల ఉంచడానికే కానీ, బయటివాటిని ఆపడానికి కాదమ్మా. కుక్క రెండు పీకులు పీకితే చిరుగుతుంది. అర అంగుళం కన్నాల వెల్డింగు జాలీ తెప్పించు. నీ మూడు వేళ్లు దూరే సందుంటే ముంగిస తల దూరుతుంది, తల దూరితే ఒళ్లు దూరుతుంది. జాలీని నేల దగ్గర ఆపెయ్యకు. అడుగు లోతు పాతించి, కొసను బయటి వైపుకి మడిపించు. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, అక్కడ జాలీ తగిలితే విసిగి పోతుంది. గూటిని రెండడుగుల ఎత్తున కాళ్ల మీద నిలబెడితే ఇంకా మేలు. లోపల అడ్డంగా ఒక కర్ర కట్టించు, ఎక్కి పడుకుంటాయి. తలుపుకి ఒక గొళ్లెం చాలదు, పైనొకటి కిందొకటి.

నువ్వు తెచ్చుకున్నవి వనరాజా కోళ్లు. హైదరాబాదు రాజేంద్రనగర్ పరిశోధనా సంస్థ వాళ్లు పెరటి కోసమనే రూపొందించిన జాతి, మంచిదే. కానీ ఒళ్లు బరువు, నాటుకోడిలా ఎగిరి వేపకొమ్మ ఎక్కలేవు. పైగా పొదుగు యంత్రంలో పుట్టినవి, తల్లి నేర్పిన చదువు లేదు. ఆకాశంలో గద్ద నీడ కదిలితే పిల్లలకోడి గొంతు మారుస్తుంది. ఆ ఒక్క కూతకి పిల్లలన్నీ పరుగున దాని రెక్కల కిందికి దూరతాయి. ఈసారి రోజు వయసు పిల్లల్ని తెస్తే, పొదుగు మీదున్న నాటుపెట్టను ఎక్కడైనా అడిగి తెచ్చుకో. రాత్రిపూట మెల్లగా దాని కింద పెట్టు. పొద్దున్నే అన్నీ తన బిడ్డలే అనుకుంటుంది.

నువ్వు బడికెళ్లే వేళ చిన్నపిల్లలు గంప కిందే ఉండాలి, గంప మీద బరువైన రాయుండాలి. మేదరి వాళ్ల చేత రెండు గంపలు అల్లించాను, ఆదివారం బస్సులో పంపుతున్నా. పెద్ద కోళ్లు తిరిగే చోట గుమ్మడి పాదుకి పందిరి వెయ్యి, నాలుగు కంది మొక్కలు నాటు. గద్ద దిగితే దూరడానికి నీడ కావాలి వాటికి. తళతళలాడే సీడీలు వేలాడదీస్తే గద్దలు రావంటారు. వారం రోజులు రావు, తర్వాత అలవాటు పడతాయి.

మిగిలిన నూకలు రాత్రికి ఎత్తెయ్యి. నూకలకి ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం పామొస్తుంది. కట్టెల మోపు గూటికి ఆనించి ఉంది ఫోటోలో, దాన్ని దూరంగా జరిపించు. గుడ్లు పూటపూటకీ తీసెయ్యి. టార్చి వెయ్యకుండా గూట్లో చెయ్యి పెట్టావంటే నాతో మాట్లాడకు. మీ అమ్మమ్మ పట్టపగలు కూడా కర్రతో రెండుసార్లు గంప తట్టి కానీ ఎత్తేది కాదు. ఒకసారి ఆ గంపలోంచి నాగుపాము పడగెత్తి లేచింది, నేనూ మీ అమ్మా పక్కనే ఉన్నాం. ఒకవేళ కరిస్తే పసర్లూ మంత్రాలూ అనకుండా 108కి ఫోను చెయ్యాలి, గుర్తుంచుకో. ఇలా రాయడానికే చెయ్యి వణుకుతోంది.

ఇక అసలు సంగతి. ఇన్ని చెప్పినా, అన్నిటికీ మొదలు ఆ సాయంత్రపు అరగంటే. పొద్దు గుంకకముందే తలుపు పడాలి. నువ్వు రాలేవు కాబట్టి పక్కింటి అవ్వని అడుగు. వారానికి నాలుగు గుడ్లు ఇస్తానని చెప్పు. ఊరికే చెయ్యమనకు, అప్పుడే ఆమెకీ బాధ్యత ఉంటుంది. నువ్వు రాగానే టార్చి వేసి మళ్లీ లెక్కపెట్టు.

మీ అమ్మమ్మ రోజూ అలాగే చేసేది. ఒక్కొక్క కోడిని వీపు మీద తాకుతూ లెక్కపెట్టేది. గొళ్లెం వేసేది. నాలుగడుగులు నడిచి వెనక్కొచ్చి, ఆ గొళ్లాన్ని ఒకసారి లాగి చూసేది. వేసింది తనే, చూసింది తనే, అయినా లాగేది. చిన్నప్పుడు నాకు అది చాదస్తంలా ఉండేది. మోతీ పోయాక అర్థమైంది. పోయిన ఏడు కోళ్ల కోసం నేనెంత ఏడ్చినా, అంత ఏడుపూ ఆ ఒక్క లాగుడుకి సరిపోదు.

చచ్చిన కోళ్లను దూరంగా, లోతుగా పాతించావా? లేకపోతే ఇవాళే చేయించు, వాసనకి మళ్లీ వస్తాయి. మిగిలిన ఐదూ భయంతో నాలుగు రోజులు గుడ్లు పెట్టవు. కంగారు పడకు. నువ్వూ వేళకి తిను.

రేపు గూడు మూశాక ఫోను చెయ్యి. లెక్క చెప్పు. ఐదు అని నీ నోట విన్నాకే నేను అన్నం ముందు కూర్చుంటాను.

నీ
పెద్దమ్మ