పాత జీపును బాగుచేసుకోవడం

ఈ పాఠం చదివిన తరువాత మీరు పాత గుడ్డ టాపు బండిని కొనేముందు ఏం చూడాలో, పని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలుగుతారు.

మీరు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉంటున్నారనుకోండి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుండి తెలుగువాళ్లు ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన ఊరు అది. తెలిసినవారి పెరట్లో ఒక పాత జీపు ఉంది. టాపు చిరిగిపోయి, ఏళ్ల తరబడి వానకు తడిసింది. సెలవురోజుల్లో దాన్ని సరదాగా బాగుచేయాలని మీ కోరిక.

విదేశాల్లో టాపు మడిచే కార్లు చాలా రకాలున్నాయి. మనకు సులువుగా దొరికేది జీపే. మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. దీని బాడీ వేరు, ఛాసీ వేరు. బోల్టులు విప్పితే బాడీని పైకి ఎత్తవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి ఇది పెద్ద సౌకర్యం.

ముందుగా ఆర్.సి. పుస్తకంలోని ఛాసీ, ఇంజను నంబర్లను బండి మీది నంబర్లతో సరిచూడండి. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడింది కాబట్టి పాత కాగితాల్లో మధ్యప్రదేశ్ అని ఉంటే అది తప్పు కాదు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చు. కాని అలా చేయిస్తే దానిపై రోజూ తిరగడానికి వీల్లేదు. ఛాసీని మార్చిన బండికి ఆ నమోదు దొరకదు.

తరువాత ఛాసీని సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట శబ్దం మొద్దుగా వస్తుంది. ఛాసీ పుచ్చిపోయి ఉంటే, బండి ఎంత చవకైనా వదిలేయండి.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. పాత జీపుల్లో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. తుప్పుపట్టిన నేల రేకుకు వెల్డింగు చేయించాల్సిందీ ఆ పక్కనే. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అనుకోవద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. వెల్డింగుకు ముందు ట్యాంకును విప్పి దూరంగా పెట్టండి. బ్యాటరీ తీగల్లో ఛాసీకి కలిపిన తీగను మొదట విప్పండి.

చాలామంది ఇంజను మోగితే చాలని తొందరపడతారు. ఇంజను మోగగానే బండి నడపాలనిపిస్తుంది, బ్రేకులు మాత్రం పట్టవు! అందుకే బ్రేకుల పని ముందు చేయండి. నాలుగు చక్రాల డ్రమ్ములూ విప్పాలి. పాత లైనింగుల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. దాన్ని నోటితో ఊదవద్దు, తడిగుడ్డతో తుడవండి. బ్రేక్ ఆయిల్ బదులు ఇంజను ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి.

విప్పిన నట్లను డబ్బాల్లో వేసి చీటీలు అంటించండి. మూడు నెలలు గడిస్తే ఏ నట్టు ఎక్కడిదో మీకే గుర్తుండదు. కొత్త గుడ్డ టాపును అన్నిటికంటె చివర, కమ్ములు బిగించాక కొలత తీసుకుని కుట్టించండి.

పాఠ్యగత ప్రశ్నలు
1. ఖాళీ పెట్రోలు ట్యాంకు పక్కన వెల్డింగు ఎందుకు చేయకూడదు?
2. ఇంజను కంటె ముందు బ్రేకులు ఎందుకు బాగుచేయాలి?