పొలపు ఎలుకలు: జాతులు, ఆహారము, నివాసము

నేలలో బొరియలు త్రవ్వుకొని బ్రదుకు ఉడుతలు ఉత్తర అమెరికా, మధ్య ఆసియా ప్రాంతములలో పెక్కు జాతులు కలవు. మన ఉడుత చెట్లపై గూడు కట్టును. మన గట్లను గుల్లచేయునవి ఎలుకలే. ఆంగ్లేయుల "బాండికూట్" అను మాట మన "పందికొక్కు" నుండి పుట్టినదే. ఈ శత్రువు మనకు అంత పాతది.

జాతులు, నివాసము: ఎలుకలన్నియు ఒక్కటి కావు. వరి గట్లలో ఎక్కువ నష్టము చేయునది చిన్న పందికొక్కు. బొరియ వాకిట మట్టికుప్ప, మట్టితో మూసిన ద్వారము దీని గుర్తులు. పెద్ద పందికొక్కు ఊరి పరిసరములలోను, కాలువ గట్లలోను ఉండును. మెత్తని బొచ్చు గల ఎలుక నల్లరేగడి నెరియలలో చేరును. తోక చివర కుచ్చు గల ఎలుక మెట్టనేలలలో వేరుసెనగ కాయలను తినును. పొలపు చిట్టెలుక అన్నిటికన్న చిన్నది.

ఆహారము: వరి పిలకలను, చిరుపొట్టను కొరికి, కంకులను కోసి బొరియలో దాచును. కోతల తరువాత యానాదులు బొరియలు త్రవ్వి కంకులు వెలికి తీయుట కోస్తా రైతు లెరుగుదురు. ముందరి పండ్లు ఆజన్మాంతము పెరుగుచుండుటచే, ఆకలి లేకున్నను కొరుకుచునే యుండును. గర్భకాలము సుమారు మూడు వారములే. పంట పండునప్పుడు సంతతి ఎక్కువ.

చేయవలసిన పని: నాటిన పిమ్మట, చిరుపొట్టకు ముందే పూనుకొనవలెను. గట్లను సన్నముగా చెక్కి, కలుపు తీయవలెను. సాయంకాలము బొరియలన్నియు మూయుడు. మరునాడు తెరచుకొన్నవే ఎలుకలున్న బొరియలు. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, 0.25 శాతపు బ్రోమాడయోలోన్ పొడి 2 పాళ్ళు కలిపి, 10-15 గ్రాముల పొట్లములు కట్టి, బొరియకు ఒకటి చొప్పున లోపల పెట్టవలెను. గట్టుపై చల్లరాదు, కోళ్ళు, కుక్కలు తినును. చేతులకు తొడుగు వేసికొనుడు. చచ్చిన ఎలుకలను లోతుగా పూడ్చుడు, లేనిచో వానిని తిన్న గుడ్లగూబయు చచ్చును. గుడ్లగూబ రైతునకు కూలి అడుగని కావలివాడు. పొలములో దానికై కర్రలు పాతుడు.

ఒక్కరు మందు పెట్టిన లాభము స్వల్పము. ఖాళీ బొరియలోనికి పొరుగు గట్టు ఎలుక వచ్చి చేరును. కనుక ఆయకట్టు రైతులందరు ఒకే దినమున పూనుకొనవలెను. ఎలుకకు సరిహద్దు రాయి లేదు.