పర్వదినములు – నిత్యదినములు
(వీరశైవ సంవత్సర పర్వములను గూర్చిన పాఠము)

మహాశివరాత్రినాడు ఉపవాసముండు గృహములు తెలుగునాట లెక్కకు మించి కలవు. ఆ గృహములోని బాలుడు "నేడు అన్నమేల తినరాదు?" అని అడిగినపుడు తగిన సమాధానము చెప్పగలిగిన గృహములు మాత్రము అరుదు. "పెద్దలు చేసినారు గనుక చేయుచున్నాము" అనుటతో పెక్కు చోట్ల సంభాషణము ముగియును. పెద్దలను గౌరవించుట మంచిదే. కాని కారణము తెలియని ఆచారము మొదటి తరమునకు అలవాటు, రెండవ తరమునకు భారము, మూడవ తరమునకు మరపు అగును. కావున పర్వమును ఆచరించుట యెంత అవసరమో దానిని నేర్చుకొనుటయు అంత అవసరము.

1. ఒక సందేహము

వీరశైవునికి ఇష్టలింగము దేహముపైననే యుండును. నిద్రలోను, పనిలోను, ప్రయాణములోను అది యెడబాయదు. నిత్యము లింగపూజ చేయువానికి ప్రత్యేకముగా ఒక పండుగ యేల? బసవేశ్వరుడు శుభదినము, అశుభదినము అను భేదమును పాటింపవలదని బోధించెను. శివుని నమ్మినవానికి తిథివారనక్షత్రముల బలమును వెదకు పని లేదని ఆయన అభిప్రాయము. అట్టి మహనీయుని జన్మదినమునే పండుగగా జరుపుట ఆయన బోధకు విరుద్ధము కాదా?

ఇది తీసివేయదగిన సందేహము కాదు. దీనికి సమాధానము దొరికినవానికే పర్వముల యర్థము బోధపడును. ముందుగా ఆ పర్వములేవో, ఎప్పుడు వచ్చునో తెలిసికొందురు గాక.

2. తిథి నిర్ణయము

తెలుగువారును కన్నడిగులును అనుసరించునది చాంద్రమానము. ఇందు మాసము అమావాస్యతో ముగియును. పండ్రెండు చాంద్రమాసములు కలిసి సుమారు 354 దినములు. సౌర సంవత్సరమునకు సుమారు 365 దినములు. ఈ 11 దినముల భేదముచేత పర్వములు ఇంగ్లీషు తేదీలలో ఏటేట వెనుకకు జరుగును. మహాశివరాత్రి 2024లో మార్చి 8న, 2025లో ఫిబ్రవరి 26న, 2026లో ఫిబ్రవరి 15న వచ్చినది. ఇట్లే జరుగుచు పోయినచో శివరాత్రి కొన్నేండ్లకు వానకాలమున వచ్చును. అట్లు కాకుండుటకు సుమారు 32, 33 నెలలకొకసారి ఒక అధికమాసమును చేర్చుదురు. 2026లో అధిక జ్యేష్ఠము చేరుటచే 2027లో శివరాత్రి మరల మార్చి 6నకు వచ్చును.

ఉత్తరదేశమున మాసము పూర్ణిమతో ముగియును. అందుచేత తెలుగువారు మాఘ బహుళ చతుర్దశి అనుదానిని అచ్చటివారు ఫాల్గుణ మాసములో లెక్కింతురు. మాసము పేరు వేరైనను రాత్రి ఒక్కటే. మకర సంక్రాంతి యొక్కటి సూర్యగతిని బట్టి వచ్చునది గనుక జనవరి 14 గాని 15 గాని అగును. ఈ లెక్క తెలిసిన బాలునికి పంచాంగము భయపెట్టు గ్రంథము కాక కాలమును కొలుచు సాధనముగా కనబడును.

3. సంవత్సర చక్రము

చైత్ర శుద్ధ పాడ్యమి ఉగాది. అనుభవ మంటపమున శూన్యసింహాసనమును అధిష్ఠించిన అల్లమప్రభువు జయంతిని ఆనాడే జరుపుదురు. ఆ దినములలో కర్ణాటక, మహారాష్ట్రముల నుండి వేలకొలది భక్తులు కాలినడకన శ్రీశైలము చేరుదురు. భ్రమరాంబను వారు తమ ఇంటి ఆడపడుచుగా భావింతురు.

చైత్ర పూర్ణిమ అక్కమహాదేవి జయంతి. ఉడుతడిలో జన్మించి, కల్యాణమున శరణులను దర్శించి, చివరకు శ్రీశైలమందలి కదళీవనమున ఆమె లింగైక్యము నొందెనని సంప్రదాయము. రాజవైభవమును తృణముగా ఎంచిన ఈ తల్లి కథను ఆనాడు బాలికలకు తప్పక వినిపింపవలెను.

వైశాఖ శుద్ధ తదియ బసవ జయంతి. బాగేవాడిలో పుట్టి, కృష్ణా మలప్రభల కూడలియైన కూడలసంగమమున సాధన చేసి, బిజ్జలుని కల్యాణమున మంత్రిపదవిలో నుండి శరణులను సమావేశపరచిన మహనీయుని దినమిది. దీనిని వీధులలో, సభలలో సామూహికముగా జరుపుటకు 1913లో దావణగెరెలో హర్డేకర్ మంజప్పగారు నాంది పలికిరి. అంతకుపూర్వము పూజగా నున్నది అప్పటినుండి ప్రజలందరి పాఠముగా మారినది.

శ్రావణము పురాణశ్రవణ మాసము. మఠములలోను, గృహములలోను శరణుల చరిత్రలు చదువుటకు ఇది అనువైన కాలము. తెలుగువారికి పాల్కురికి సోమనాథుని బసవపురాణము ఇంటి నిధి. ద్విపదలో పాడుకొనుటకు వీలుగా వ్రాయబడిన ఆ గ్రంథమును భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. కన్నడదేశమున జరిగిన కథను తెలుగుకవి మొదట పురాణముగా రచింప, కన్నడకవి దానిని మరల తన భాషలోనికి గ్రహించుట రెండు భాషల వీరశైవులకును గర్వకారణము. శ్రావణ శుద్ధ పంచమిని నాగపంచమిగా లోకము పాటించుచుండ, శరణ మార్గీయులు అనేకులు బసవేశ్వరుని లింగైక్య దినముగా బసవ పంచమి యను పేర స్మరింతురు. రాతిపామునకు పాలు పోసి, ప్రాణమున్న పామును కొట్టిచంపు లోకరీతిని బసవేశ్వరుడు నిశితముగా విమర్శించెను. ఆనాడు ఆకలిగొన్న బిడ్డకు పాలు త్రాగించుట ఆ విమర్శకు తగిన ఆచరణము.

కార్తికము దీపముల మాసము. సోమవారములలో నక్తముండి శివాలయమున దీపము వెలిగించుట, పూర్ణిమనాడు జ్వాలాతోరణము తెలుగునాట అందరెరిగినవే.

మకర సంక్రాంతి సొన్నలిగె సిద్ధరామేశ్వరుని స్మరించు దినము. సొన్నలిగె యనగా నేటి సోలాపురము. ప్రజల దప్పి తీర్చుటకు చెరువు త్రవ్వించిన కర్మయోగి ఆయన. ఆ చెరువు నడుమ సిద్ధేశ్వరాలయము నేటికిని ఉన్నది. సంక్రాంతికి అచ్చట నందిధ్వజములతో గొప్ప యాత్ర జరుగును. ఆ నగరమున స్థిరపడిన తెలుగు పద్మశాలి కుటుంబములకును అది తమ ఊరి పండుగయే.

మాఘ బహుళ చతుర్దశి మహాశివరాత్రి. ఫాల్గుణ శుద్ధ త్రయోదశి రేణుకాచార్య జయంతి. పంచాచార్యులలో మొదటివారైన వీరు కొల్లిపాక సోమేశ్వరలింగము నుండి ఉద్భవించిరని సంప్రదాయము. ఆ కొల్లిపాకయే నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని కొలనుపాక. ఆ క్షేత్రమునకు పిల్లలను గొనిపోయి చూపుట పది గ్రంథములు చదివించుటతో సమానము.

4. మూర చొప్పున నేసిన పాగా

పైన చెప్పిన సందేహమునకు సమాధానము శ్రీశైలమున శివరాత్రినాడు కంటి యెదుట కనబడును. ఆ రాత్రి మల్లికార్జునస్వామికి పాగాలంకరణము జరుగును. ఆలయమునందలి దీపములను ఆర్పివేయగా, చీకటిలో ఒక నేతగాడు దిగంబరుడై విమాన శిఖరము నుండి ముఖమంటపముపై నున్న నందుల వరకు ఒక పొడవైన వస్త్రమును చుట్టును. ఆ పాగాను చీరాల ప్రాంతపు దేవాంగ కుటుంబమువారు దినమునకొక మూర చొప్పున, సంవత్సరమంతయు నేయుదురు. 365 దినములకు 365 మూరలు.

భక్తులు చూచునది ఒక రాత్రి వేడుకను. కాని ఆ వస్త్రమున ప్రతి మూరయు ఒక సామాన్య దినము. పేరులేని ఒక మంగళవారమున నేసిన మూర లేనిదే శివరాత్రి పాగా పూర్తికాదు. పర్వమునకును నిత్యదినమునకును గల సంబంధమిదియే. నిత్యదినము నేత, పర్వదినము నేసినదానిని విప్పి చూచుకొను సమయము. నేయనివానికి ఆనాడు విప్పి చూపుటకు ఏమియు నుండదు.

బసవేశ్వరుడు త్రోసిపుచ్చినది దినములను కాదు, దినములయందలి భయమును. ఈ దినము చెడ్డదని పనిని వాయిదా వేయుట, ఆ దినము మంచిదని ఆనాడు మాత్రమే భక్తి చూపుట, ఈ రెండును కాయకమునకు శత్రువులు. నేర్చుకొనుటకు, కృతజ్ఞత చూపుటకు, పదిమందితో కలిసి భుజించుటకు ఒక దినమును నియమించుకొనుట భయము కాదు. అది జ్ఞాపకమునకు చేసికొన్న ఏర్పాటు.

5. పండుగ ఖర్చు

కాయకముచే సంపాదించినదానిని దాసోహముగా పంచుట శరణుల మార్గము. అప్పు తెచ్చి ఆడంబరము చేయుట ఆ మార్గము కాదు. ఈ విషయమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ అందరును తెలిసికొనవలసినది. మారయ్య కల్యాణమున నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఆ గింజలతోనే ఆ దంపతులు జంగములకు అన్నము పెట్టెడివారు. ఒకనాడు మారయ్య నిత్యముకంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశయగునని చెప్పి, మిగులు బియ్యమును తెచ్చినచోటనే పోసిరమ్మని భర్తను త్రిప్పిపంపెను.

పండుగ పేరిట వడ్డీకి ధనము తెచ్చువారు ఈ తల్లి మాటను స్మరింపవలెను. ఇంటిలో నున్న గింజలతో ఒక అతిథికి పెట్టిన అన్నము దాసోహమగును. అప్పుతో నూరుగురికి పెట్టిన విందునకు మరునాటి నుండి ఇల్లాలును పిల్లలును వెల చెల్లింపవలసి వచ్చును.

6. ఇంటిలో ఎవరికి పండుగ?

ఇది కొంత నొప్పి కలిగించు విషయమైనను చెప్పక తప్పదు. పెక్కు గృహములలో పండుగనాడు తెల్లవారుజామున లేచి రాత్రివరకు వంటయింటి నుండి వెలుపలికి రానిది ఇల్లాలు. పూజకు కూర్చుండుటకు ఆమెకు తీరిక యుండదు. పురాణము చదువునపుడు ఆమె పొయ్యివద్ద నుండును. ఋతుసమయమైనచో ఆమెను మూలకు పంపి, లింగపూజ నుండియే దూరము చేయు గృహములును కలవు.

శరణుల సిద్ధాంతము దీనికి పూర్తిగా విరుద్ధము. జాతి, జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్టములను ఐదు సూతకములు లింగధారికి లేవని వీరశైవము చాటినది. లింగధారణము బాలునికెట్లో బాలికకును అట్లే. అక్కమహాదేవియు, లక్కమ్మయు వచనములు చెప్పిన సంప్రదాయమిది. మెడలో లింగమున్న తల్లిని పండుగనాడు లింగమునకు దూరముగా నిలిపినచో, ఆ యింట అక్కమహాదేవి జయంతి జరుపుట యేమి సార్థకము? మృతి సంభవించిన యింట సంవత్సరము పొడుగున పూజలు మానుటయు ఇట్టిదే. దుఃఖము గలచోటనే లింగము యొక్క ఆశ్రయము మరింత అవసరము.

కావున పర్వదినమున వంట సులభముగా నుండవలెను, పని అందరును పంచుకొనవలెను, ఇల్లాలు మొదటి వరుసలో కూర్చుండి కథ వినవలెను. ఆమె వినినచో బిడ్డలు విందురు. ఆమె చెప్పినచో ఆ కథ మరియొక తరము బ్రతుకును.

7. ఆచరణ క్రమము

పర్వమునకు ముందురోజు రాత్రి భోజనానంతరము ఒక పావుగంట ఆ దినపు కథను ఇంటిలోని పెద్దలు చెప్పవలెను. పర్వదినమున ఉదయము అందరును కలిసి ఇష్టలింగపూజ చేయవలెను. ఉపవాసము శక్తిని బట్టి యుండవలెను. రోగులను, గర్భిణులను, పసిపిల్లలను నిర్బంధింపరాదు. మిగిలిన ధాన్యమునుగాని ధనమునుగాని ఆకలిగొన్నవారికి చేర్చవలెను. సాయంకాలము బాలురచేతను, బాలికలచేతను ఆ కథనే తిరిగి చెప్పింపవలెను. వారు తప్పుగా చెప్పినచో గద్దింపక సరిదిద్దవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మరునాడు. జాగరణము చేసినవాడు మరునాడు పనికి పోయి తూకములో మోసము చేసినచో ఆ జాగరణము నిద్రతో సమానము. బసవ జయంతి సభలో సమానత్వమును గూర్చి ఉపన్యసించినవాడు మరునాడు తన పొలములో పనిచేయువానికి వేరుగా గ్లాసు పెట్టినచో ఆ సభ జరుగనట్లే. పండుగ పరీక్ష పండుగనాడు కాదు, దాని మరునాడు.

ఇంటిలో చర్చింపదగిన ప్రశ్నలు:

1. శివరాత్రి తేదీ ఏటేట మారుటకు కారణమేమి? అధికమాసము లేనిచో ఏమగును?
2. లక్కమ్మ అధికముగా తెచ్చిన బియ్యమును ఏల నిరాకరించెను? ఇంటి పండుగ ఖర్చులో అట్టి "అధికము" ఏది?
3. ఐదు సూతకములు లేవనిన సిద్ధాంతము ఇంటిలో ఎంతవరకు ఆచరణలో నున్నది?
4. గడచిన పర్వమునాటి మాటలలో మరునాటికి నిలిచినది ఏది?

దినమునకొక మూర నేయువానికి శివరాత్రి తప్పక వచ్చును. నేటి మూర నేడే నేయవలెను.

శరణు శరణార్థి.